హాప్స్ వేస్తే విద్య, చెక్క వేస్తే నేరమా?

విదేశాల్లో ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్ల మధ్య ఎన్నాళ్లకీ తెగని తగాదా ఒకటుంది. ఏల్ అనే బీరు పులుస్తుండగా అందులో హాప్స్ పూలు ఎప్పుడు వేయాలి? నురగ పొంగుతున్నప్పుడే వేయాలా, పొంగు తగ్గాక వేయాలా, అంతా తేరుకుని అడుగు దిగాక వేయాలా? దీనిమీద పుస్తకాలున్నాయి, విశ్వవిద్యాలయాల పరిశోధన పత్రాలున్నాయి. రెండో రోజు వేసేవాడు ఆరో రోజు వేసేవాణ్ణి తెలివితక్కువవాడంటాడు. ఇదంతా చదువుతుంటే ముందు నవ్వొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. కుండలో ఏది ఎప్పుడు వేయాలో మన అవ్వలకూ తెలుసు. వాళ్లకు తెలిసినదాని మీద పుస్తకం లేదు, పాఠం లేదు. ఎక్కడైనా రాతలో ఉందీ అంటే అది ఎక్సైజు వాళ్ల పంచనామాలో ఉంది.

నేను టీటీసీ చదివి ఇరవై ఏళ్లుగా ఏజెన్సీ పిల్లలకు చదువు చెబుతున్న కొండరెడ్డి ఆడదాన్ని. తాగుడును మెచ్చుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ గొడవ కింద వస్తుంది, అక్కడ ఎవరినీ వదలను. ముందు హాప్స్ సంగతి కాస్త వివరంగా చూద్దాం. పక్కవాడి విద్య ఏపాటిదో తెలిస్తేనే మన విద్యను ఎంత చిన్నచూపు చూస్తున్నారో తెలుస్తుంది.

హాప్స్ ఒక తీగ. గంజాయి మొక్క ఏ కుటుంబానిదో ఇదీ ఆ కుటుంబానిదే. (మన కుర్రాళ్లు ఒక చుట్టం వల్ల జైళ్లలో మగ్గుతున్నారు, రెండో చుట్టం సీసాలకెక్కి దర్జాగా తిరుగుతోంది. చెట్లకూ కులాలున్నాయన్నమాట.) ఆడ తీగకు పూసే పొలుసుల పూల గుత్తుల్లో పసుప్పచ్చని పుప్పొడిలాంటి జిగురు ఉంటుంది. చేదూ వాసనా అందులోనివే. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెడితే తియ్యటి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లు మరుగుతుండగా హాప్స్ వేస్తే చేదు బాగా పడుతుంది. వాసన మాత్రం ఆవిరితో పోతుంది. కాబట్టి వాసన కావాలనుకున్నవాళ్లు మరిగించడం అయ్యాక, చల్లార్చి ఈస్ట్ కలిపి పులియబెట్టాక, ఎండిన పూలను మళ్లీ వేస్తారు. దాన్నే డ్రై హాపింగ్ అంటారు.

ఎప్పుడు వేయాలన్నది ఇక్కడ మొదలవుతుంది. రెండో రోజో మూడో రోజో, పొంగు మీదుండగా వేస్తే ఈస్ట్ ఆ పూల నూనెల్లో కొన్నిటిని మార్చేస్తుంది. గులాబీ వాసనలాంటిది నిమ్మ వాసన వైపు తిరుగుతుంది. పూలతోపాటు లోపలికి వెళ్లిన గాలిని కూడా ఈస్టే తినేస్తుంది, బీరు పాడవదు. కానీ పైకి తన్నుకొచ్చే కార్బన్ డయాక్సైడు వాసనను మోసుకుపోతుంది, కొంత వాసన ఈస్ట్‌కు అంటుకుని అడుగుకు పోతుంది. పొంగు పూర్తిగా చచ్చాక వేస్తే పూల వాసన ఉన్నదున్నట్టు దిగుతుంది. అప్పుడు వచ్చే చిక్కు వేరు. హాప్స్ పూలలో పిండి పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను అవి చిన్న ముక్కలు చేస్తాయి. నిద్రపోయిన ఈస్ట్ లేచి మళ్లీ తినడం మొదలుపెడుతుంది. తొందరపడి సీసాల్లో నింపినవాడికి వెన్న వాసన బీరు దక్కుతుంది, ఇంకా పోతే సీసా పేలుతుంది. ఇంగ్లండ్‌లో ఈ సంగతి 1893లోనే గమనించి రాశారు. ఎన్నాళ్లు ఉంచాలన్నదానికీ లెక్క ఉంది. వాసనలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గడ్డి నమిలినట్టు ఉంటుంది.

అందరి వాదాలూ చదివాక నాకు సబబుగా తోచింది ఇది: పొంగు దిగి నురగ విరిగాక, ఈస్ట్‌కు ఇంకా కాస్త ఆకలి మిగిలి ఉండగానే వేయాలి. మూడు రోజులు చాలు. వేశాక మళ్లీ పులుపు కదిలిందేమో చూసి, అది ఆగాకే సీసాకెక్కించాలి. నేనా ఏల్ ఎన్నడూ నోట పెట్టలేదు. అయినా చెప్పగలుగుతున్నానంటే మా అవ్వ కుండకు చెవి ఆనించి "ఇంకా మాట్లాడతా ఉంది, ఇయ్యాల ముట్టుకోవద్దు" అనడం విన్నదాన్ని కాబట్టి. వాళ్ల చేతిలో సాంద్రత కొలిచే గాజు గొట్టం ఉంటుంది. మా అవ్వకు చెవి ఉంది. చూసేది ఇద్దరూ ఒక్కటే, పులియడం ఎక్కడిదాకా వచ్చిందని.

ఇప్పుడు మన కొండలకు వద్దాం.

జీలుగు చెట్టు గెల వేయడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. గెలలు పైనుంచి కిందికి ఒకటి తరవాత ఒకటి వస్తాయి, ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. అంటే తాత వదిలిన చెట్టును మనవడు గీస్తాడు. పూటపూటకూ గెల చివర పలుచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, చెక్కకపోతే ధార ఎండుతుంది. దిగిన నీళ్లు మొదట తియ్యగా ఉంటాయి. పిల్లలకు తియ్యటి నీళ్లు కావాలంటే కుండ లోపల ముందే సున్నం పూస్తారు. చెట్టు దిగాక పూస్తే లాభం లేదు, అప్పటికే పులుపు పట్టేసి ఉంటుంది. కల్లు కావాలంటే నిన్నటి మడ్డి ఉన్న కుండనే కడక్కుండా కడతారు. ఆ మడ్డిలో ఉన్నది ఈస్ట్ అని మనవాళ్లకు తెలియదు, అందులో ఏదో ఉందని మాత్రం తెలుసు. కొరాపుట్ వైపు జీలుగు కల్లును సలప అంటారు. అక్కడ చేదు కోసం, ఘాటు కోసం చెట్ల చెక్కలూ వేర్లూ వేస్తారు. పులుస్తున్న కుండలో చేదు సరుకు వేయడమే కదా డ్రై హాపింగ్ అంటే!

జార్ఖండ్‌లో సంతాలులు, ముండాలు కాచే హండియా ఇంకా గొప్పది. బియ్యప్పిండిలో వేర్లూ చెక్కలూ దంచి కలిపి ఉండలు కట్టి, గడ్డిలో ఆరబెట్టి, రాను అనే మందు తయారు చేస్తారు. అన్నం వండి, పరిచి, ఆరబెట్టి, చేతికి వెచ్చగా కూడా తగలనప్పుడు రాను చిదిమి కలుపుతారు. వేడి మీద కలిపితే కుండ చచ్చిపోయినట్టే. ఈస్ట్ వేడికి చస్తుందని మన సైన్సు పుస్తకం చెబుతుంది. రాను కలిపే ఆడమనిషి ఆ పుస్తకం చదవలేదు, ఆమె అన్నం ఎప్పుడూ పాడవదు. మన ఇప్పపువ్వు సంగతి తీసుకోండి. ఎండిన పువ్వు ఎండల్లో నాలుగైదు రోజులకు పులుస్తుంది, చలిగాలి తిరిగితే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. రోజుల లెక్క చెప్పమంటే అవ్వలు చెప్పరు. "పువ్వు మునిగిందా, బుడగ ఆగిందా" అని ఎదురడుగుతారు. తారీఖు చూసి కాకుండా కుండను చూసి పనిచేయమని అక్కడ హాప్స్ పండితులు పేజీలకు పేజీలు రాసేది దీని గురించే.

ఈ విద్య మన బడిలోకి వచ్చినప్పుడు ఏమవుతుందో చెబుతాను. ఒక ఆశ్రమ పాఠశాలలో పరీక్ష పేపరు. ఈస్ట్ వల్ల జరిగే కిణ్వనానికి ఉదాహరణలు రాయమని ప్రశ్న. ఒక పిల్ల ఇలా రాసింది: "మా అమ్మమ్మ ఇప్పపువ్వు నానబెడితే బుడగలొస్తాయి. బుడగలు ఆగితే పులిసిందని గుర్తు. పైన మూత బిగించకూడదు." దానిమీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత, పక్కన సున్నా. కింద "ఇలాంటివి రాయరాదు" అని ఒక ముక్క. పక్క పిల్ల "బ్రెడ్, బీరు, వైను" అని మూడు మాటలు రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. ఆ పక్క పిల్ల వైనును కళ్లతో చూసి ఉండదు. కళ్లతో చూసి, గమనించి, కార్బన్ డయాక్సైడు పేరు తెలియకపోయినా మూత ఎందుకు బిగించకూడదో తెలిసిన పిల్లకు సున్నా. ఆ పేపరు దిద్దిన ఉపాధ్యాయుడు చెడ్డవాడని నేననను. ఆయన మైదానం నుంచి కూడా రాలేదు, మనవాడే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మనం బడికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులతోపాటు అవ్వను కూడా విడిచి రావడం నేర్చుకున్నాం. ఇప్పుడు పిల్లలకూ అదే నేర్పుతున్నాం.

తోటి ఉపాధ్యాయులు ఇక్కడొక మాటంటారు: "మేడమ్, బీరు పరిశ్రమ, అది ప్రగతి. ఇంటి కుండ వెనకబాటుతనం. రెండూ ఒకటెలా అవుతాయి?" దీనికి జవాబు ఇంగ్లండ్ చరిత్రలోనే ఉంది. 1300 ప్రాంతంలో అక్కడ ఏల్ కాచేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇంట్లో కాచి, ఇంటికి సరిపడా ఉంచుకుని, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవారు. ఆ ఏల్‌లో హాప్స్ ఉండేవి కావు, నాలుగు రోజులకే పులిసి పాడయ్యేది. కాబట్టి ఎవరి ఊళ్లో వాళ్లు కాచుకోక తప్పేది కాదు. 1400 ప్రాంతంలో హాలెండ్, ఫ్లాండర్స్ వైపు నుంచి హాప్స్ వేసిన బీరు వచ్చింది. హాప్స్ వేసిన బీరు వారాలు, నెలలు నిలవుంటుంది. నిలవుండేదాన్ని పీపాల్లో పోసి దూరాలకు పంపవచ్చు. దూరాలకు పంపాలంటే పెద్ద రాగి బానలు కావాలి, పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి, సంఘంలో సభ్యత్వం ఉండాలి. ఇవేవీ ఆడవాళ్లకు అందేవి కావు. 1600 నాటికి చాలాచోట్ల ఆ పని మగవాళ్ల చేతికి, డబ్బున్నవాళ్ల చేతికి పోయింది. ఏల్ కాచే ఆడదంటే మోసగత్తె, మురికిది అని పాటలు కట్టారు, బొమ్మలు వేశారు. కుండ చేతులు మారితే అది పరిశ్రమ అయింది. ముందు చేసినవాళ్లకు దక్కింది చెడ్డపేరు. ఈ కథ మన ఊరిదేనని అనిపించడం లేదూ?

ఆ హాప్స్ బీరే ఓడలెక్కి మన దేశానికీ వచ్చింది. ఇంగ్లండ్ నుంచి ఆఫ్రికా కొసను చుట్టి కలకత్తాకు, మద్రాసుకు రావడానికి నెలలు పట్టేది. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలని అక్కడి బీరు యజమానులకు 1760ల నాటికే తెలుసు. పీపా నింపి బిగించే ముందు అందులో ఎండు హాప్స్ గుప్పెళ్లతో వేసేవారు. ఇప్పుడు నగరాల బార్లలో ఇండియా పేల్ ఏల్ అని గొప్పగా అమ్మేదానికి ముత్తాత ఆ పీపాలే. దొరలకు ఇక్కడి ఎండలో వాళ్ల ఊరి బీరు కావాలి, అది తప్పు కాదు. మరి మనవాళ్లకు మన చెట్టు కల్లు కావాలంటే?

రంప కొండల్లో ఆ ప్రశ్నకు జవాబు 1879లో వచ్చింది. అబ్కారీ గుత్తలు తెచ్చి కల్లు మీద రాబడిని గుత్తేదారులకు వేలం వేశారు. సొంత ఇంటి వాడకానికి గీసుకునే కల్లు కూడా గీయరాదన్నారు. దానిమీద మన్సబ్‌దారు చిగురు పన్ను వేరే. పోలీసుల లంచాలు, మైదానం షావుకార్ల అప్పులు, వాళ్లు కోర్టుల్లో తెచ్చుకున్న డిక్రీలు వీటికి తోడయ్యాయి. 1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్నదొర లాంటివాళ్లు ముందు నడిచారు. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తారు. కల్లు కోసం తిరగబడ్డారని చెప్పడానికి మనకే సిగ్గు. సిగ్గెందుకు? మన చెట్టు గెల మీద ఎవడి హక్కు ఉంటుందన్నది ఆ పోరాటం. ఉప్పు మీద పన్ను వేస్తే చేసిన పోరాటానికి దేశం దండలు వేస్తుంది.

ఇప్పుడు తాగుడు గొడవకు వస్తాను.

"మీ వ్యాసం చదివి కుర్రాళ్లు తాగుడుకు సాకు దొరికిందనుకుంటారు" అని ఒక తమ్ముడు ముందే హెచ్చరించాడు. తమ్ముడూ, తాగుడు మన ఊళ్లను ఎలా తింటోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి ఏడాదీ జూన్‌లో బడి తెరిచాక ఎవరి తండ్రి పోయాడో హాజరు పట్టీ పిలుస్తుంటేనే తెలుస్తుంది. బెల్టుషాపు క్వార్టరు సీసా అడవి చివరి గూడెం దాకా వెళ్లింది, మంచినీళ్ల గొట్టం వెళ్లలేదు. నల్లబెల్లం, పటిక, నవసారం వేసి కాచే గుడుంబాను మన పేరుతో "ఆదివాసీ సారా" అని అమ్ముతున్నారు. అది మన విద్య కాదు, మన మీద పడ్డ చీడ. పూర్వం అంతా పవిత్రంగా, పెద్దలకు ధార పోసి, దోసిట్లో ఒక చుక్క తాగి ఊరుకునేవారని చెప్పే మన రచయితల మాటా నేను నమ్మను. జీలుగు కాలంలో పొద్దున్నే చెట్టు కింద చేరి మధ్యాహ్నానికి పని చెడగొట్టుకుని, ఇంటికొచ్చి ఆడదాన్ని కొట్టే మగవాళ్లు మన తాతల్లోనూ ఉన్నారు. కుండ కాచేది ఆడది, తాగి తన్నేది మగవాడు. ఈ మాట రాయకుండా అస్తిత్వం గురించి ఎన్ని వ్యాసాలు రాసినా అవి సగం వ్యాసాలే.

అయితే దీనికి మందు ఎవరి చేతిలో ఉండాలి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. చదువుకోవడానికి వచ్చిన రాత్రిబడిలో కూర్చుని మాట్లాడుకుని, వాళ్లే నిర్ణయించుకుని, వాళ్లే చేశారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది, ఎందుకంటే ఖజానాకు సీసా కావాలి. అల్లూరి సీతారామరాజు కూడా మన్యంలో తాగుడు మానమని చెప్పాడు. బిర్సా ముండా తనవాళ్లకు అదే చెప్పాడు. వీళ్లెవరూ సర్కారు వచ్చి మన కుండ పగలగొట్టాలని అడగలేదు. మన మీద మనమే ఏలుబడి చేసుకోవాలని, అందులో భాగంగా మానమని చెప్పారు. తనంతట తాను మానినవాడికీ, కుండ పగలగొట్టించుకున్నవాడికీ చాలా తేడా ఉంది. మొదటివాడు మళ్లీ తాగడానికి సిగ్గుపడతాడు. రెండోవాడు మర్నాడు బెల్టుషాపు వైపు నడుస్తాడు. కుండ పగిలినచోట సీసా లాభం, ఈ లెక్క ఎవరికి తెలియదు?

చట్టం ఈ విషయంలో మనవైపే ఉంది, మనం చదవలేదు అంతే. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్లో షెడ్యూల్డు ప్రాంతపు పంచాయతీలకు, గ్రామసభలకు ఉండాల్సిన అధికారాల పట్టిక ఉంది. అందులో మొట్టమొదటిది మత్తు పదార్థాలను నిషేధించే, వాటి అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే అధికారం. భూమి కన్నా, సంత కన్నా, వడ్డీ వ్యాపారం కన్నా ముందు రాశారు. రెండోది చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు, అంటే మన ఇప్పపువ్వు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. బెల్టుషాపు వద్దనీ, పండుగ కుండకు ఇంత హద్దనీ, చదువుకునే పిల్లల చేతికి ఇచ్చినవాడికి ఇంత తప్పనీ గ్రామసభ కూర్చుని రాసుకోవచ్చు. మన ఊళ్లలో ఎన్ని గ్రామసభల తీర్మానాల పుస్తకాల్లో ఈ మాట ఉంది? పింఛన్ల జాబితా చదివి వేలిముద్రలు వేయించుకుని లేచిపోతున్నాం.

తెల్లవాళ్లకూ ఇది ఊరికే దొరకలేదు. బ్రిటన్‌లో 1880లో, మన రంప ఇంకా మండుతుండగానే, ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చారు. 1963లో గానీ తీసెయ్యలేదు. అమెరికాలో 1933లో మద్యనిషేధం పోయినా ఇంటి బీరు నేరంగానే ఉండిపోయింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెడితే ఒక పెద్దమనిషికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు పెద్దలున్న ఇంటికి 200 గాలన్లు దాకా పన్ను లేకుండా కాచుకునే వీలు వచ్చింది, అమ్మకూడదు. 200 గాలన్లంటే మన లెక్కలో సుమారు 750 లీటర్లు. ఆ వంటిళ్లలో హాప్స్ ఎప్పుడు వేయాలని కొట్టుకున్నవాళ్లలోంచే తరవాత చిన్న చిన్న బీరు కర్మాగారాలు పుట్టాయి. నేరం అన్న ముద్ర తీసేస్తే గానీ విద్య నోరు విప్పదని దీన్నిబట్టి తెలుస్తోంది. భయపడుతూ చేసే పని ఎవరూ నోటు పుస్తకంలో రాసుకోరు, పిల్లలకు చెప్పరు, తప్పు జరిగితే పక్కవాళ్లను అడగరు. చెట్ల చాటున గబగబా కాచేదాంట్లోనే విషం కలుస్తుంది.

మన దేశంలోనూ గాలి కొంత మారింది. మధ్యప్రదేశ్‌లో ఇప్పసారాను వారసత్వ మద్యమన్నారు, ఆదివాసీల స్వయం సహాయక సంఘాలు తయారుచేసుకునే వీలు ఇచ్చారు. ఇందులో నాకు సంతోషం సగమే. సీసాకు చీటీ అంటించగానే మన విద్యకు గౌరవం వచ్చేసిందనుకుంటే ఇంగ్లండ్ ఆడవాళ్ల కథ గుర్తుకు తెచ్చుకోవాలి. ఇవాళ సంఘం పేరు మీద ఉన్నది రేపు యంత్రం కొన్నవాడి పేరు మీదికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఉట్నూరు ఆడవాళ్ల ఇప్పపువ్వు లడ్డూ నాకు ఇంతకన్నా నచ్చుతుంది. తాగేవాడు లేకుండానే పువ్వుకు విలువ కట్టారు.

ఉపాధ్యాయ మిత్రులను నేను అడిగేది చిన్నది. కిణ్వనం పాఠం వచ్చినప్పుడు వైనుతో మొదలుపెట్టకండి. చోడి అంబలితో మొదలుపెట్టండి, రాత్రి కలిపింది పొద్దుటికి ఎందుకు పులిసిందో పిల్లల్నే చెప్పనివ్వండి. మూడు సీసాల్లో బెల్లం నీళ్లు తీసుకోండి. (తెల్లబెల్లమే వాడండి, నల్లబెల్లం బడికి తెస్తే పాఠం కన్నా ముందు ఎక్సైజు జీపు వస్తుంది.) మూడింటిలోనూ కాస్త పులిసిన అంబలి తేట కలపండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాంట్లో సున్నం కలపండి. మూడోదాన్ని బాగా మరగబెట్టండి, చల్లారాక మళ్లీ ఏమీ కలపకండి. మూడింటి మూతికీ బుడగలు కట్టి మర్నాడు, ఎల్లుండి చూడండి. ఏ బుడగ ఉబ్బిందో, ఏది ఉబ్బలేదో, కుండకు సున్నం ముందే ఎందుకు పూస్తారో పిల్లలు తామే చెబుతారు. చూసిన తరవాత పారబోయండి, నోట్లో పెట్టనివ్వకండి. ఇందులో మత్తు లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఇప్పపువ్వు గురించి రాసిన పిల్లకు వేయాల్సిన మార్కులు ఎన్నో మీకే తెలుస్తుంది.

చదువుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మరో పని. ఫాల్గుణం వస్తోంది, ఇప్ప రాలుతుంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఫోను పక్కన పెట్టి ఒక నోటు పుస్తకం తీసుకుని అవ్వ పక్కన కూర్చోండి. కుండ కడుగుతారా కడగరా? ఏ చెక్క, ఎండుదా పచ్చిదా, దంచుతారా చీలుస్తారా? పొంగు మీదుండగా వేస్తారా, దిగాక వేస్తారా? వానాకాలంలో ఎన్ని రోజులు ఆగుతారు? పాడైందని ముక్కుకు ఎలా తెలుస్తుంది? ఏ చెట్టు చెక్క వేస్తే మనిషికి చెడుపు, అది ఎవరికి జరిగితే తెలిసింది? బాలింతకు ఎందుకు ఇవ్వరు, లేదా ఎందుకు ఇస్తారు? ఆమె చెప్పిన మాట ఆమె భాషలోనే రాయండి, తెలుగులోకి తరవాత మార్చవచ్చు. చెక్క పేరు తెలియకపోతే ఒక ముక్క తెచ్చి, ఆకుతో సహా పుస్తకంలో అతికించి, ఊరి పేరూ నెల పేరూ పక్కన రాయండి.